ఏడిస్తే విశ్వాసం లేనట్టేనా?

వందనాలు అక్కా. అమ్మ పోయి 40 రోజులైనా ఏడుపు ఆగట్లేదని, "పరలోకంలో ఉంది కదా, ఏడవకూడదు" అని సంఘంలో వాళ్లు అంటున్నారని రాశారు. వాళ్లు చూపించే బైబిల్ వచనం 1 థెస్సలొనీకయులకు 4:13. ఒకసారి నెమ్మదిగా చదవండి. నిరీక్షణ, అంటే చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ, లేని ఇతరుల్లా దుఃఖపడొద్దంటాడు ఆ పత్రిక రాసిన పౌలు. అసలు దుఃఖమే వద్దనలేదు. సగం వచనం పట్టుకుని మందలించడం మనవాళ్లకి అలవాటే!

యోహాను 11 చూడండి. చనిపోయిన లాజరును ఇంకాసేపట్లో బతికించి లేపబోతున్నానని యేసుకి తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే చూసి తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ప్రకటన గ్రంథం 21:4లో దేవుడు కన్నీళ్లు తుడుస్తాడని ఉంది. తుడవాలంటే అవి ఉండాలి కదా.

మా నాన్న పోయాక ఆయన కళ్లజోడు, చదువుతూ ఆపిన పేజీలోనే బైబిల్లో ఉంచేశాను. ఆయన పోయాక జరిగిన ఆదరణ కూడికలో (ఓదార్పు ప్రార్థనలో) నాకు చుక్క నీరు రాలేదు. రెండేళ్ల తర్వాత ఆ కళ్లజోడు దుమ్ము తుడుస్తూ బోరుమన్నాను. మళ్లీ చూస్తానన్న నమ్మకం అప్పుడూ ఉంది.

ప్రార్థనలో మాటలు రావట్లేదన్నారుగా, కీర్తన 42 పైకి చదవండి. రాత్రింబగళ్లు కన్నీళ్లే అన్నపానాలయ్యాయని అందులోనూ ఉంది. నిద్ర, తిండి పూర్తిగా తప్పితే మాత్రం టెన్షన్ పడుతూ కూర్చోకుండా డాక్టర్ని కలవండి.