శిక్షణ కోసం అప్పు చేయవచ్చా? ఒక డీ-అడిక్షన్ కౌన్సిలర్ ప్రశ్న

ప్రశ్న: నా వయసు 34. నాలుగేళ్లుగా ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. అమ్మ, ఏడేళ్ల పాప నా జీతం మీదే ఆధారపడ్డారు. ఖర్చులు పోగా నెలకు జీతంలో ఐదో వంతు మిగులుతుంది. ఐదు నెలల జీతమంత పొదుపు ఉంది. వ్యసన చికిత్సలో ఏడాదిన్నర అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలని ఉంది. దాని ఫీజు నా ఏడు నెలల జీతానికి సమానం. పర్సనల్ లోన్ తీసుకోనా, రిటైర్మెంట్ కోసం దాచింది తీయనా? మా సెంటర్ వాళ్లు సగం ఫీజు కడతామంటున్నారు, కానీ కోర్సు అయ్యాక రెండేళ్లు మానకుండా బాండ్ రాయమంటున్నారు. కోర్సు పూర్తయితే జీతం 12 శాతం పెంచుతామన్నారు. మొన్న, మూడు నెలలు మానేసి బాగున్న ఒక కుర్రాడు మళ్లీ మొదలుపెట్టి మా దగ్గరికే వచ్చాడు. నాకు సరైన శిక్షణ ఉండుంటే ఇలా అయ్యేది కాదేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇక ఆగలేననిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరంలో డబ్బు లెక్కల కన్నా ముందు ఆ చివరి మూడు వాక్యాలే నన్ను పట్టుకున్నాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. డబ్బు నిర్ణయాల్లో నేను చూసిన పెద్ద తప్పులు చాలావరకు భయంలోనో, అపరాధ భావంలోనో తీసుకున్నవే. ఆ కుర్రాడు మళ్లీ మొదలుపెట్టడం మీ చేతకానితనానికి రుజువు కాదు. చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ వాడతారని అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థ నైడా చెబుతుంది. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే రేటు కూడా ఇంచుమించు ఇంతేనని, వ్యసనాన్నీ అలాంటి దీర్ఘకాలిక జబ్బుగానే చూడాలని ఆ సంస్థ అంటుంది. బీపీ మళ్లీ పెరిగిందని డాక్టరు అప్పు చేసి ఇంకో డిగ్రీ చదవడానికి పరిగెత్తరు కదా. పైగా ఆ కుర్రాడు తిరిగి మీ దగ్గరికే వచ్చాడు. సిగ్గుతో మొహం చాటేయకుండా అదే తలుపు తట్టాడంటే మీరు చేసిన పనిలో ఏదో సరిగ్గానే జరిగింది. ఈ వారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నిద్ర కుదుటపడ్డాక కూర్చుని ఆలోచిద్దాం.

ఇప్పుడు లెక్కలు. మీ నెల జీతాన్నే కొలతగా పెట్టుకుందాం. ఫీజు ఏడు జీతాలు. ఖర్చు అక్కడితో ఆగదు. ప్రాక్టికల్స్ కోసం జీతం లేని సెలవులు పెట్టాల్సి వస్తుంది, ఏడాదిన్నరలో అన్నీ కలిపి ఒక జీతం పోతుందనుకోండి. పరీక్ష ఫీజు, పుస్తకాలు, సర్టిఫికెట్ రెన్యువల్ కలిపి మరో అర జీతం. మొత్తం ఎనిమిదిన్నర జీతాలు. 12 శాతం పెంపుతో ఈ డబ్బు వెనక్కి రావాలంటే దాదాపు 71 నెలలు, అంటే ఆరేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. అదీ కోర్సు అయిపోయిన రోజు నుంచి.

దీనికి లోన్ తోడైతే? ఏడు జీతాల అప్పు, ఏటా 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా మీ జీతంలో సుమారు 24 శాతం అవుతుంది. మీకు మిగిలేది 20 శాతమే. అంటే మొదటి నెల నుంచే లోటు. వడ్డీ రూపంలోనే ఒకటిన్నర జీతం పైన పోతుంది. పెట్టింది తిరిగి రావడానికి అప్పుడు ఏడేళ్లు. పాప చదువు ఖర్చు పెరిగేది, అమ్మ ఆరోగ్యానికి డబ్బు అవసరమయ్యేది సరిగ్గా ఆ ఏళ్లలోనే. కాబట్టి లోన్ వద్దు.

రిటైర్మెంట్ డబ్బు అసలే వద్దు. ఇప్పుడు తీసే ఏడు జీతాలు అక్కడే ఉండి ఏటా 8 శాతం చొప్పున పెరిగితే, మీకు 60 ఏళ్లు వచ్చేసరికి ఏడు రెట్లు దాటి దాదాపు 52 జీతాలవుతాయి. అప్పటికి ధరలూ పెరుగుతాయి, నిజమే, అయినా అది ఒంటి చేత్తో ఇల్లు నడిపే మనిషి వదులుకునే మొత్తం కాదు.

అలాగని కోర్సు మానేయమని నా ఉద్దేశం కాదు. మీ పనికి శిక్షణ అవసరం, అది గట్టిగా నమ్ముతాను. నా అభ్యంతరమంతా డబ్బు ఏ రకం శిక్షణ మీద పడుతోందన్నదే. కొన్నాళ్ల క్రితం మీలాంటి కౌన్సిలర్ ఒకరు ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అందులో 11 సర్టిఫికెట్లు, ఒక్కోదానికి ఒక్కో కవరు. కొన్నింటికి అంచుల దగ్గర బంగారు రంగు ముద్ర కూడా ఉంది. రెండు క్రెడిట్ కార్డుల బాకీ వాటి వల్లే పేరుకుంది. ‘ఇన్నేళ్లలో మీరు పేషెంట్‌తో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విని, ఇక్కడ ఇలా అనుండాల్సింది అని చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగాను. ఆవిడ ఫైలు మూసి, చాలాసేపు ఆలోచించి, లేరన్నారు.

ఆ ప్రశ్న నేను ఊరికే అడగలేదు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే ఉపదేశం ఇవ్వకుండా మారడానికి కారణాలను పేషెంట్ నోటే చెప్పించేలా మాట్లాడటం, మీకు తెలిసే ఉంటుంది. తాగుడు సమస్య ఉన్నవాళ్లతో పనిచేస్తూ విలియం మిల్లర్ 1983లో మొదటిసారి రాసిన పద్ధతి అది. ఆ మిల్లరే తన సహచరులతో కలిసి, ఈ పద్ధతిని నేర్చుకోవడానికి ఏ దారి పనిచేస్తుందో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వ్యసన చికిత్స రంగంలో ఉన్న 140 మంది నిపుణులను గుంపులుగా విడదీశారు. కొందరికి వర్క్‌షాప్ మాత్రమే. కొందరికి వర్క్‌షాప్ తర్వాత వాళ్ల సెషన్ల రికార్డింగులు విని అభిప్రాయం చెప్పారు. కొందరికి ఫోన్లో కోచింగ్ ఇచ్చారు. కొందరికి రెండూ. వర్క్‌షాప్‌తో ఆగిపోయినవాళ్లలో నేర్చుకున్నది నెలల్లోనే జారిపోయింది. వెనకాల ఎవరో ఒకరు విని సరిదిద్దినవాళ్లలో నిలిచింది. ఎదురుగా కూర్చున్న మనిషి మాటల్లో మార్పు కనిపించింది మాత్రం రెండూ అందినవాళ్ల దగ్గరే.

కాబట్టి కోర్సు వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: మొత్తం గంటల్లో సూపర్‌విజన్ ఎంత? నా సెషన్లు ఎవరు వింటారు, ఎన్ని వింటారు? ‘లెక్చర్లు 200 గంటలు, చివర్లో ప్రాజెక్టు’ అంటే ఏడు జీతాలు పెట్టొద్దు. అనుభవమున్న సీనియర్ ఒకరు నెలకు రెండుసార్లు మీ రికార్డింగులు విని మాట్లాడటానికి విడిగా ఫీజు కట్టినా, మీ ఏడాది శిక్షణ ఖర్చులో అదే మంచి పెట్టుబడి. రికార్డ్ చేసేముందు పేషెంట్ రాతపూర్వక అనుమతి తీసుకోవాలన్నది మీకు చెప్పనక్కర్లేదు.

లెక్చర్లలో దొరికే జ్ఞానం చాలావరకు ఉచితంగానే ఉంది. 2015లో మొదలైన ఇసప్ అనే అంతర్జాతీయ సంఘం ఈ రంగంలో పనిచేసేవాళ్ల కోసమే ఉంది. సభ్యత్వానికి డబ్బు అక్కర్లేదు, వెబినార్లు, కోర్సులు అక్కడ దొరుకుతాయి. ఆసియా-పసిఫిక్ దేశాల ఉమ్మడి సంస్థ కొలంబో ప్లాన్ వ్యాప్తిలోకి తెచ్చిన యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులమ్ (యూటీసీ), నివారణ వైపు ఉన్నవాళ్ల కోసం యూనివర్సల్ ప్రివెన్షన్ కరికులమ్ ఉన్నాయి. ఐసీఏపీ అనే అంతర్జాతీయ గుర్తింపు పరీక్షలకు దారి కూడా వీటి గుండానే ఉంది. మీ సెంటర్ ద్వారా సీటు దొరుకుతుందేమో ముందు అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన మద్యం అలవాటు కొలిచే పది ప్రశ్నల ఆడిట్, మిగతా మత్తుపదార్థాలను కూడా కలిపి అడిగే ఎనిమిది ప్రశ్నల అసిస్ట్, వాటి మాన్యువల్స్ అన్నీ ఉచితం. మానసిక సమస్యల చికిత్స మీద అదే సంస్థ తెచ్చిన ఎంహెచ్‌గ్యాప్ గైడ్‌లో మత్తుపదార్థాల మీద ఒక అధ్యాయమే ఉంది. ఇవి బాగా వచ్చేశాక కూడా ఇంకేం తక్కువైందో అప్పుడు తేలుతుంది. ఆ తక్కువైన దానికే డబ్బు కట్టాలి.

ఇంకో శిక్షణ ఉంది. అది కొన్ని గంటల్లో అయిపోతుంది, ఇప్పటిదాకా నేర్చుకోకపోతే అన్నిటికన్నా ముందు అదే చేయండి. ఓపియాయిడ్ (హెరాయిన్ లాంటి మత్తుమందు) ఓవర్‌డోస్ అయిన మనిషిని గుర్తుపట్టడం, అంబులెన్స్ వచ్చేలోపు ఊపిరి అందేలా చూడటం, ఆ మత్తుకు విరుగుడైన నలోక్సోన్ ఇవ్వడం. కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పాత మోతాదును శరీరం ఇక తట్టుకోలేదు. మీకు నిద్ర లేకుండా చేస్తున్న ఆ కుర్రాడి విషయంలో ఏ డిప్లొమా కన్నా ఇది ముందు పనికొస్తుంది.

నివారణ వైపు వెళ్లాలనే ఆలోచన కూడా ఉంటే ఒక్కమాట. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, నేరాల విభాగం 2013లో నివారణకు అంతర్జాతీయ ప్రమాణాలు ప్రచురించింది, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి రెండో ఎడిషన్ తెచ్చింది. పిల్లల్ని భయపెట్టే ఉపన్యాసాలు, ఒకప్పుడు వాడినవాళ్లను వేదికెక్కించి అనుభవాలు చెప్పించడం వంటివి ఫలితం ఇవ్వడం లేదని అందులో ఉంది. ఏ కోర్సు సిలబస్‌లో వీటికే పెద్దపీట వేశారో ఆ కోర్సుకు పైసా కూడా కట్టకండి.

ఇక బాండ్. సెంటర్ సగం ఫీజు కట్టడం మంచి విషయమే. మీ వాటా మూడున్నర, సెలవులు, పరీక్ష ఖర్చులు కలిపి అయిదు జీతాలకు దిగుతుంది. మూడున్నరేళ్లలో తిరిగొచ్చేస్తుంది. కానీ కోర్సు ఏడాదిన్నర, ఆపైన రెండేళ్లు, మొత్తం మూడున్నరేళ్లు మిమ్మల్ని కట్టేసినట్టే. బాండ్‌లో నాలుగు విషయాలు రాతపూర్వకంగా ఉంటేనే సంతకం పెట్టండి. మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సింది మిగిలిన నెలల దామాషాలోనే ఉండాలి: ఏడాది చేసి వెళ్తే సగమే. సెంటరే మిమ్మల్ని తీసేసినా, గ్రాంట్ ఆగి మూతపడినా బాండ్ రద్దు కావాలి. మీ ఆరోగ్యం దెబ్బతిని డాక్టరు విశ్రాంతి రాస్తే మినహాయింపు ఉండాలి. 12 శాతం పెంపు ఏ నెల నుంచో తేదీతో సహా ఉండాలి. నోటి మాటగా చెప్పిన పెంపు మీద నేను ఒక్క లెక్క కూడా వేయను.

ఆరోగ్యం సంగతి ఎందుకు పట్టుబడుతున్నానంటే, ‘బర్నవుట్’ అని ఇవాళ ఆఫీసుల్లో అందరూ వాడే మాట పుట్టిందే మీ రంగం పక్కన. న్యూయార్క్‌లో డ్రగ్స్ వాడేవాళ్లు వచ్చే ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ తననీ, తోటి సిబ్బందినీ చూసి 1974లో దాని గురించి వ్యాసం రాశారు. ఆ వ్యాసానికి ముడిసరుకు మీలాంటివాళ్లే, రోజంతా ఇతరుల బాధ విని ఇంటికెళ్లి నిద్రపట్టక దొర్లినవాళ్లు. మీ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి మీ సంపాదన శక్తి. అది ఆరు నెలలు ఆగిపోతే ఏమవుతుందన్నదే మీ ఇంటి అసలు రిస్క్. టర్మ్ ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా లేకపోతే కోర్సు కన్నా ముందు అవే.

నా ప్లాన్ ఇది. ఒక ఏడాది ఆగండి. నెలకు ఐదో వంతు చొప్పున 12 నెలల్లో 2.4 జీతాలు పక్కన పడతాయి. ఇప్పుడున్న ఐదు జీతాలను ముట్టుకోవద్దు. మీ ఖర్చు జీతంలో 80 శాతమే కాబట్టి అవి ఆరు నెలల పైన ఇల్లు నడుపుతాయి. గ్రాంట్ల మీద నడిచే సంస్థలో ఉద్యోగానికి అంతకన్నా తక్కువ నిల్వ నాకు నచ్చదు. కొత్తగా చేరిన 2.4లో ఒకటిన్నర సెలవులకు, పరీక్ష ఖర్చులకు. మిగిలిన 0.9 ఫీజుకు. అప్పుడు మీ వాటా ఫీజులో ఇంకా 2.6 జీతాలుంటుంది. కోర్సు నడిచే 18 నెలల్లో వాయిదాల మీద కడితే నెలకు 14 శాతం చిల్లర. ఇంకో అయిదు శాతం పైన చేతిలో మిగులుతుంది, పాపకు జ్వరమొచ్చినా టెన్షన్ పడక్కర్లేదు. ఈ మధ్యలో సూపర్‌విజన్‌కు సొంతంగా ఫీజు కడితే ఈ ఏడాది 14 నెలలు కావచ్చు. ఫర్వాలేదు, ఆ రెండు నెలలు వృథా కావు.

రేపు సెంటర్‌కు వెళ్లినప్పుడు మేనేజర్‌ను మూడు విషయాలు అడగండి: యూటీసీ శిక్షణకు సిబ్బందిని పంపే అవకాశం ఉందా, నలోక్సోన్ సెంటర్‌లో ఉందా, ఎక్కడ పెట్టారు, నెలకు రెండు గంటలు నా సెషన్లు వినగలిగే సీనియర్ ఎవరు? బాండ్ ముసాయిదా చేతికొచ్చాక, సంతకం పెట్టేముందు దాని కాపీ నాకు పంపండి. వాక్యం వాక్యం కలిసి చదువుదాం.