రెండో డిస్కూ పోయిందా? ముందు పవర్ ఆపేయండి

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలన్నీ నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులున్న నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ పెట్టె), రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా అన్నిటినీ కలిపి వాడే పద్ధతి) దాచుకున్నాం. నెల క్రితం మూడో డిస్కు దగ్గర ఎర్ర లైటు వెలిగింది. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కదా అని వదిలేశాం. నిన్న ఒకటో డిస్కు కూడా పోయింది. ఇప్పుడేమీ తెరుచుకోవడం లేదు. షాపువాళ్లు ‘ఇనిషియలైజ్ చేసి, తర్వాత రికవరీ పెడదాం’ అంటున్నారు. ఒకటే టెన్షన్. చేయించమంటారా?

జవాబు: వద్దండీ, దయచేసి ఒప్పుకోకండి. ఇనిషియలైజ్ చేస్తే బాక్సు ఆ డిస్కుల మీదే కొత్త రెయిడ్ రాయడం మొదలుపెడుతుంది. ఈ క్షణమే పవర్ ఆపి, ఏ డిస్కు ఏ స్లాట్‌లోదో దాని మీదే నంబరు వేయండి.

రెయిడ్ 5లో ఒక డిస్కంత జాగా ప్యారిటీ లెక్కకే, అంటే పోయిన డేటాను తిరిగి రాబట్టే అదనపు సమాచారానికే పోతుంది. అందుకే మీకు 16 టీబీలో 12 మాత్రమే దక్కింది. ఒక డిస్కు పోతే అందులోని డేటాను మిగతా మూడూ లెక్కగట్టి ఇస్తాయి. మీకు నెలంతా ఫైళ్లు తెరుచుకున్నది అలాగే. ఇంకో డిస్కు కూడా పోతే ఇక లెక్క కుదరదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. ‘మూడోది బాగానే తిరుగుతోంది కదా’ అని దాన్నే మళ్లీ జత చేస్తారు. కానీ ఆ డిస్కులో ఉన్నది నెల కిందటి డేటా. ఆ తర్వాత తీసిన పెళ్లిళ్లేవీ దానికి తెలియవు. పాతా కొత్తా కలిస్తే ఫైళ్లు పాడవుతాయి. మీకు కావాల్సింది నిన్న ఆగిన ఒకటో డిస్కు. కొన్ని సెక్టార్లు (డిస్కులో డేటా ఉండే చిన్న చిన్న గడులు) చదవలేకపోయినా చాలు, బాక్సు డిస్కు మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. కాబట్టి అందులో చాలా భాగం ఇంకా బాగానే ఉండొచ్చు.

1, 2, 4 డిస్కులను ఒక్కొక్కటిగా లినక్స్ కంప్యూటర్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో కొత్త డిస్కుల్లోకి సెక్టార్ సెక్టార్‌గా కాపీ తీయించండి. అది ముందు తేలిగ్గా చదవగలిగినవి తీసుకుని, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. ఆ కాపీలనే ఆర్-స్టూడియో, యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్ వంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌లో రెయిడ్‌గా పేర్చాలి. డబ్బు కట్టకముందే ఏ ఫైళ్లు కనిపిస్తున్నాయో చూసుకోవచ్చు. ఒకటో డిస్కు టక్‌టక్‌మంటుంటే మాత్రం ఇవేవీ వద్దు. ఇంకోసారి ఆన్ చేయకుండా క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని గది) ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కి పంపండి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. రెయిడ్ 1లో (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే పద్ధతి) పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేశాను. రెండో డిస్కులో ఉంటుందా?

జవాబు: ఉండదండీ. డిలీట్ రెండింటిలోనూ ఒకేసారి జరుగుతుంది. నాస్‌లో రీసైకిల్ బిన్, స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఒక సమయంలో ఎలా ఉన్నాయో దాచి ఉంచేవి) ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. అవి లేకపోతే ఆ బాక్సులోకి కొత్తగా ఏదీ కాపీ చేయకుండా రికవరీకి ఇవ్వండి.