బీఏ సైకాలజీ చేస్తే ఏమొస్తది? దేవరకొండ నుంచి పోయి చదివినదాన్ని, నాకు తెలిసింది చెప్తున్న

చెల్లెకు ఇంటర్ హెచ్‌ఈసీ అయిపోయింది, డోస్ట్‌ల (తెలంగాణల డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ అడ్మిషన్) సైకాలజీ పెట్టుకుంటా అంటుంది, నాన్నేమో "పిచ్చోళ్ల చదువు మనకెందుకు, బీకాం చేయమను" అంటున్నడు, ఏం చేయాలె అని అడిగినవ్ కదా తమ్ముడూ. మా ఇంట్ల కూడా ఇదే లొల్లి. నేను సైకాలజీ అనంగనే మా మేనమామ "ఏం బిడ్డా, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిల సీటొచ్చిందా" అని అందరి ముందట నవ్విండు. తర్వాత కొన్నేళ్లకు ఆయన కొడుకు ఇంజనీరింగ్ మధ్యల ఆపేసి రూంలకెళ్లి బయటికి రాకపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది నాకే, సరే ఆ కథ ఇక్కడొద్దు.

ముందుగాల ఒకటి క్లియర్ చేసుకోండ్రి. ఉత్త బీఏతోని ఎవ్వరూ సైకాలజిస్ట్ కారు. బీఏ మూడేళ్లు, తర్వాత సీపీగెట్ అనే పీజీ ఎంట్రెన్స్ రాసి పీజీ రెండేళ్లు, క్లినికల్ సైడ్, అంటే మానసిక సమస్యలున్నోళ్లను చూసే దిక్కు పోవాలంటే దాని మీద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు చేసి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలె. ఇన్నేళ్లు ఆ కోర్సు అంటే రెండేళ్ల ఎంఫిల్, అంటే మొత్తం ఏడేళ్లు. 2022ల యూజీసీ ఎంఫిల్ ఆపేయాలని రూల్ తెచ్చినంక ఈ దారి మారుతుంది, అందుకే ఎవరో యూట్యూబ్‌ల చెప్పింది పట్టుకోకుండ చేరే ముందు ఆర్‌సీఐ సైట్‌ల గుర్తింపున్న కోర్సుల లిస్టు చూసుకోవాలె. మందులు రాసే సైకియాట్రిస్ట్ వేరే, వాళ్లు ఎంబీబీఎస్ చదివి పీజీ చేసిన డాక్టర్లు. నాన్నకు ఈ లెక్క ఇప్పుడే చెప్పండ్రి, మూడేళ్లకు జీతం వస్తదని ఆశ పెట్టి తర్వాత లొల్లి పెట్టుకునుడు కన్నా నయం.

అంత ఆగలేమంటే బీఈడీ ఉంది, స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీ ఉంది, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), హెచ్‌ఆర్ ఉన్నయ్. టీచర్ అయ్యేటోళ్లు రాసే టెట్‌ల 150 మార్కులకు 30 చైల్డ్ డెవలప్‌మెంట్ నుంచే వస్తయ్, అది సైకాలజీ చదివినోళ్లకు సగం వచ్చినట్టే.

ఇగ కాలేజీ. వెబ్ ఆప్షన్ పెట్టకముందు ఒక్కసారి పోయి ల్యాబ్ చూపియ్యమని అడగండ్రి. మా కాలేజీల ల్యాబ్ అంటే ఒక బీరువా, తాళంచెవి రిటైరైన సార్ తీసుకపోయిండట, ఫస్టియర్ మొత్తం ప్రాక్టికల్ రికార్డు సీనియర్లది చూసి కాపీ కొట్టినం. సెకండియర్‌ల కొత్త మేడం వచ్చి తాళం పగలగొట్టిపిచ్చింది. అండ్ల మిర్రర్ డ్రాయింగ్ బోర్డు దొరికింది. చెయ్యి కనపడకుండ అడ్డం పెట్టి అద్దంల మాత్రమే చూసుకుంట నక్షత్రం గీయాలె, పైకి గీద్దామంటే పెన్సిల్ కిందికి ఉర్కుతది. నాకు ఫస్ట్ సారి నాలుగు నిమిషాలు పట్టింది, ఆరో సారికి నిమిషం లోపు అయింది. తమాషా ఏందంటే కుడి చేత్తోని ప్రాక్టీస్ చేస్తే ఎడమ చెయ్యి కూడా బాగుపడతది, దాన్నే బైలాటరల్ ట్రాన్స్‌ఫర్ అంటరు. పుస్తకంల నాలుగు సార్లు చదివినా ఎక్కని ముక్క ఆ రోజు పది నిమిషాలల్ల ఎక్కింది.

హెచ్‌ఈసీ పిల్ల అంటున్నవ్ కాబట్టి సైకాలజీల వచ్చే స్టాటిస్టిక్స్ గురించి భయపడతది. తప్పించుకోనియ్యకు, పీజీల మళ్ల అదే ఎదురైతది. నేను హాస్టల్‌ల 60 మంది ఆడపిల్లల్ని నిద్ర ఎన్ని గంటలు, పరీక్షలంటే ఎంత భయం అని అడిగి లెక్కేస్తే రెండింటికీ పెద్ద సంబంధమే కనపడలే. ఏడుపొచ్చింది. మేడం "కనపడలేదనే రాయ్, అది కూడా రిజల్టే" అన్నది.

సెలవులల్ల ఊకె ఇంటికి రాకుండ ఏదన్న స్పెషల్ స్కూల్‌ల కూసోమను, పైసలియ్యకున్నా సరే. నేను ఫస్ట్ రోజు ఒక నాలుగేళ్ల బాబును చూసి నోట్‌బుక్‌ల "బాబు మొండి" అని రాసిన. అక్కడి మేడం అది కొట్టేసి "మొండి అనేది నీ అభిప్రాయం, వాడు ఏం చేసిండో రాయ్" అన్నది. మళ్ల చూసి రాసిన: పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే తిరగలే, వెనకాల బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే వెంటనే తిరిగిండు. "ఇప్పుడు చూడు, చెవులు ఇనొస్తలేవేమో అన్న అనుమానానికి కొంత జవాబు దొరికింది, ఇంక ఏం అడగాలో తెలిసింది" అన్నది. మూడేళ్లల్ల నేను నేర్చుకున్న పెద్ద పని ఇదే అనుకుంట, చూసింది వేరే, అనుకున్నది వేరే అని విడదీసుడు.

ఇంకోటి, మన బాస తక్కువనుకోవద్దని చెప్పు. పీజీల సిటీ క్లాస్‌మేట్స్ ఇంగ్లిష్ దంచుతుంటే నేను మూలకు కూసునేదాన్ని. ఫీల్డ్‌వర్క్‌కు మహబూబ్‌నగర్ దిక్కు పోతే ఒక పెద్దమ్మను వాళ్లు "మీకు యాంగ్జైటీ, డిప్రెషన్ ఉన్నాయా" అని అడిగిండ్రు, ఆమె లేదు అన్నది. నేను పక్కన కూసోని "ఏమన్న రంది పెట్టుకున్నవా పెద్దమ్మా, నిద్ర పడుతుందా" అన్న. కొడుకు బొంబాయి పోయి ఫోన్ చేస్తలేడని గంటసేపు చెప్పింది. ఫారంల మాత్రం అప్పటికే "లేదు" అని టిక్ పడ్డది.

డోస్ట్‌ల ఫస్ట్ ఫేజ్‌ల రాకుంటే కంగారుపడి ఏ గ్రూప్ పడితే ఆ గ్రూప్ ఒప్పుకోకుండ్రి, సెకండ్ ఫేజ్‌ల మళ్ల ఆప్షన్లు పెట్టుకోవచ్చు.