కరెంటు లేని రోజుల్లో కాఫీ, వంట: మీరు అడిగినవి, మేం చెప్పేవి

అక్టోబరు రాగానే చెన్నై నుంచి వచ్చే ఉత్తరాల్లో తుపాను మాట మొదలవుతుంది. 2016 డిసెంబరు 12న వార్దా చెట్లనూ స్తంభాలనూ పడగొట్టి వెళ్లాక చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం వచ్చినప్పుడు గాలి కంటే నీళ్లే ఎక్కువ బాధపెట్టాయి, పాల ప్యాకెట్ కోసం జనం నీళ్లలో నిలబడి క్యూ కట్టారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కాఫీ గురించే ఉన్నాయి. అది చిన్న విషయం అనుకోవద్దు. రాత్రంతా నిద్రలేక, కిటికీలోంచి నీళ్లు ఎంత పెరిగాయా అని చూస్తూ కూర్చున్న పెద్దవాళ్లకు పొద్దున్నే ఒక వేడి గ్లాసు చేతికి అందితే ఆ రోజును తట్టుకునే ఓపిక వస్తుంది.

ముందు ఒక మాట. మన ఫిల్టర్‌కు కరెంటుతో పనే లేదు, డికాక్షన్ దానంతట అదే దిగుతుంది. ఇబ్బంది వచ్చేదంతా మంట దగ్గర, పాల దగ్గర, నీళ్ల దగ్గర. కింది జవాబులన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: అక్కా, వేలచేరిలో ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాం. గ్యాస్ కనెక్షన్ లేదు, ఇండక్షన్ స్టవ్ ఒక్కటే దిక్కు. ఓనర్ ఇన్వర్టర్ పెట్టించారు. కరెంటు పోతే దాని మీద ఇండక్షన్ నడుస్తుందా? పొద్దున కాఫీ పడకపోతే నాకు తలనొప్పి వచ్చేస్తుంది, అందుకే టెన్షన్.

జవాబు: నడవదు తమ్ముడూ. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్ల దాకా లాగుతుంది, ఇళ్లలో మామూలుగా ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఏడెనిమిది వందల వాట్లు ఇస్తే గొప్ప. తక్కువ మంట మీద పెడితే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు, కానీ చాలా ఇండక్షన్ స్టవ్‌లు తక్కువలో పెట్టినా ఒకసారి గట్టిగా లాగి, ఆగి, మళ్లీ లాగుతాయి, దాంతో ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. పైగా ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకూ లైట్లకూ ఇస్తారు కానీ వంటింట్లోని 15 యాంప్స్ ప్లగ్గుకు సాధారణంగా ఇవ్వరు.

పనికొచ్చేది చిన్న కెటిల్. ప్రయాణాల్లో వాడే 500, 600 వాట్ల కెటిళ్లు దొరుకుతాయి. 300 మి.లీ. నీళ్లు మరగడానికి సుమారు 30 వాట్-అవర్ల కరెంటు చాలు, నిండా ఛార్జ్ అయిన 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది లెక్కకు 1800. అంటే ఒక కాఫీకి బ్యాటరీ ఏమీ అయిపోదు. ఇన్వర్టర్ ఎన్ని వాట్లు మోయగలదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి, కెటిల్ పెట్టే ఆ నాలుగైదు నిమిషాలు ఫ్యాన్లు ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏది పడితే అది వాడొద్దు, తడి నేల మీద అసలే వద్దు.

అయినా బ్యాటరీని నమ్ముకుని మూడు రోజులు ఉండలేరు. ముగ్గురు కలిసి ఒక 5 కిలోల గ్యాస్ సిలిండర్ తీసుకోండి, అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో ఇస్తారు. ఒక బర్నర్ ఉన్న చిన్న స్టవ్, ఐఎస్ఐ గుర్తు ఉన్న ట్యూబు కొనుక్కుంటే ఆ సీజన్‌కు చాలు. సిలిండర్ పెట్టే స్థలం లేదంటే బ్యూటేన్ డబ్బాతో నడిచే పోర్టబుల్ స్టవ్ ఉంది, దాని మీద మాత్రం వెడల్పు గిన్నెలు పెట్టొద్దు, అంచు డబ్బా మీదికి వస్తే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఏది వాడినా కిటికీ తెరిచే ఉంచండి. ఆటో ఇగ్నిషన్ స్టవ్ బటన్ తడికి పని చేయకపోవచ్చు, కాబట్టి అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక డబ్బాలో పడేయండి.

మీ తలనొప్పి నిజమే, రోజూ కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో అది మొదలవుతుంది. అందుకే చెప్తున్నా, ఒక ఇన్‌స్టంట్ కాఫీ సీసా ఇంట్లో ఉంచుకోండి. రుచి గురించి నాతో వాదించకండి, ఆ రోజుకు అది మందు. మంచి స్టీలు ఫ్లాస్కు ఒకటి కొని, తుపాను హెచ్చరిక రాగానే మరిగే నీళ్లు నింపి మూత బిగిస్తే ఆరేడు గంటల తర్వాత కూడా కాఫీ కలుపుకునేంత వేడి ఉంటుంది.

ప్రశ్న: మేం పశ్చిమ మాంబళంలో ఉంటాం. గింజలు వేయించినవి తెచ్చుకుని ఇంట్లోనే మిక్సీలో పొడి చేసుకోవడం మా ఇంటి పద్ధతి. మిక్సీ ఆగిపోతే?

జవాబు: హెచ్చరిక వచ్చిన రోజే వారానికి సరిపడా పొడి కొట్టించేయండమ్మా. మీ ఏరియాలో కళ్ల ముందే మిల్లులో వేసి ఇచ్చే కాఫీ షాపులకు కొదవ లేదు. గాలి చొరని డబ్బాలో పెడితే వారం రోజులకు వాసన పెద్దగా పోదు. చేతితో తిప్పే గ్రైండర్ ఉంటే ఇంకా మేలు, కాస్త ఓపిక కావాలంతే.

ఒక కొలత చెప్తాను, నలుగురికి సరిపోతుంది. 50 గ్రాముల పొడి, 300 మి.లీ. మరిగిన నీళ్లు. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టేసుకుంటుంది కాబట్టి కింద దిగేది సుమారు 200 మి.లీ. చిక్కటి డికాక్షన్, మనిషికి 50 మి.లీ. లెక్క. చికోరీ ఎక్కువున్న పొడి అయితే నీళ్లు ఇంకా నెమ్మదిగా దిగుతాయి, దాన్ని స్పూనుతో కొట్టి తొందరపెట్టొద్దు. ఫిల్టర్ దొరకని పరిస్థితిలో గిన్నెలో నీళ్లు మరిగించి, దించి, పొడి వేసి మూతపెట్టి, ఐదు నిమిషాలయ్యాక ఉతికిన పలుచటి నూలు గుడ్డలో వడగట్టుకోండి. మా అమ్మమ్మల కాలంలో నెల్లూరు వైపు చాలా ఇళ్లలో అదే పద్ధతి, రుచికి ఏ లోటూ రాదు.

ప్రశ్న: పిల్లలున్న ఇల్లు మాది, మడిపాక్కం. ఫ్రిజ్‌లో పాలు, దోసెల పిండి, కూరగాయలు ఉంటాయి. కరెంటు పోయాక ఏది ఎంతసేపు ఆగుతుంది? ఏది పారేయాలి?

జవాబు: తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు. పిల్లలు ఊరికే తలుపు తీసి చూస్తుంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి, కావాలంటే తలుపుకు ఒక కాగితం అంటించండి. తుపాను ముందు రోజు సాయంత్రం రెండు మూడు పాల ప్యాకెట్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. అవి కరిగేలోపు పక్కన ఉన్నవాటిని కూడా చల్లగా ఉంచుతాయి, కరిగాక కాచుకుని తాగొచ్చు, కాస్త విడిపోయినట్టు కనిపించినా కాచితే కలిసిపోతాయి. నీళ్ల సీసాలు కూడా మెడ దగ్గర ఖాళీ వదిలి గడ్డకట్టించుకోవచ్చు.

కాచిన పాలు బయట ఉంచాల్సి వస్తే నాలుగైదు గంటలకోసారి మళ్లీ పొంగు రానివ్వాలి. మన పెద్దవాళ్లు ఫ్రిజ్ లేని రోజుల్లో అలాగే నెట్టుకొచ్చారు. కానీ నేను మరీ మరీ చెప్పేది టెట్రా ప్యాక్ పాల గురించి. యూహెచ్‌టీ పాలు తెరవనంత వరకు ఫ్రిజ్ లేకుండా, ప్యాకెట్ మీద ఉన్న తేదీ దాకా ఉంటాయి. లీటరు ప్యాక్ కాకుండా 200 మి.లీ. ప్యాక్‌లు కొనండి, తెరిస్తే ఆ పూటకే అయిపోవాలి. పాలపొడి అయితే ఒక టంబ్లరుకు రెండు నిండు స్పూన్లు, ముందు కొద్ది గోరువెచ్చటి నీళ్లలో జారుగా కలిపి తర్వాత వేడి నీళ్లు పోస్తే ఉండలు కట్టదు. కాఫీలో కలిపే డెయిరీ వైట్‌నర్‌ను మాత్రం పసిపిల్లలకు పాలలా పట్టకండి, వాళ్లకు డాక్టరు చెప్పిన పాలపొడి విడిగా నిల్వ చేసుకోండి.

దోసెల పిండి మొదటి రోజే ఇడ్లీలు వేసేయండి. మిక్సీ లేకుండా చట్నీ ఎలాగని ఆలోచించకండి, కందిపొడి, నెయ్యి ఉన్నాయి కదా. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, వడియాలు, అటుకులు, ఈ ఐదూ ఉన్న తెలుగు ఇల్లు తుపానులో ఆకలితో ఉండదు. అటుకులు కడిగి పెరుగులో నానబెట్టి ఆవకాయ నంజుకుంటే ఒక పూట పొయ్యి వెలిగించే పనే లేదు. వండేటప్పుడు బియ్యం, పప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో కలిపే పెట్టండి, ఒక విజిల్ వచ్చాక ఆపి మందపాటి దుప్పటి చుట్టి అరగంట పక్కన పెడితే ఆ ఆవిరికే ఉడికిపోతుంది, గ్యాస్ బాగా కలిసొస్తుంది. పూటకు సరిపడా మాత్రమే వండండి. ఆ ఉక్కలో అన్నం, కూర రెండు గంటలకు మించి బయట ఉంటే తినకపోవడమే మంచిది. వాసన బాగానే ఉంది కదా అని రుచి చూసి తేల్చుకోవద్దు, నీళ్లలోంచి ఆసుపత్రికి వెళ్లడం ఎంత కష్టమో తెలుసు కదా.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఇనప కుంపటి ఉంది. గ్యాస్ అయిపోతే హాల్లో కిటికీ కొంచెం తీసి బొగ్గులు వెలిగించుకోవచ్చా? (పెరంబూరు)

జవాబు: వద్దండీ. కిటికీ కొంచెం తీసినా వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తల బరువెక్కి నిద్ర ముంచుకొచ్చి మనిషి లేవకుండానే పోతాడు. నాలుగు వైపులా గాలి ఆడే పెరడు లేదా పైకప్పు మాత్రమే ఉన్న వరండా ఉంటే సరే, లేకపోతే ఆ కుంపటి తీయకండి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటుంది. పోయినసారి హరికేన్‌కు కరెంటు పోయి చాలా ఇబ్బంది పడింది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ లేదు, అంతా కరెంటు పొయ్యే. ఇక్కడ చెన్నైలో ఉండి నేనేం చెప్పను? మన ఫిల్టర్ కూడా పంపించాను.

జవాబు: 2024 జులై 8న వచ్చిన బెరిల్ గురించే అయి ఉంటుంది, అప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, అదీ మండు వేసవిలో. అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, కాబట్టి మనం అక్టోబరులో చేసుకునే ఏర్పాట్లు మీ అమ్మాయి మే నెలలోనే చేసుకోవాలి.

ఫిల్టర్ పంపి మంచి పని చేశారు. మంట లేకుండానే డికాక్షన్ చేసే దారి ఒకటుంది. ముతకగా కొట్టిన పొడిని ఒక సీసాలో మామూలు నీళ్లతో కలిపి 12 గంటలకు పైగా వదిలేసి వడగడితే చిక్కటి కాఫీ వస్తుంది, అక్కడ దాన్ని కోల్డ్ బ్రూ అంటారు. హరికేన్ ముందు రోజు రాత్రే చేసి ఐస్ బాక్సులో పెట్టుకోమనండి, ఆ ఎండలో చల్లటి కాఫీయే హాయి. వేడిగానే కావాలంటే అక్కడ క్యాంపింగ్ స్టవ్‌లు సులువుగా దొరుకుతాయి, కానీ వాటిని ఇంటి బయటే వెలిగించాలి, గదిలోనూ గరాజ్‌లోనూ కాదు. చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో మంట పెట్టనివ్వరు, లీజు కాగితాలు ఒకసారి చూసుకోమనండి.

పక్కింటివాళ్లు జనరేటర్ పెడితే అది తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. హరికేన్ తర్వాత అక్కడ జనరేటర్ పొగకు ఏటా ప్రాణాలు పోతున్నాయి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కోమని మీరు గట్టిగా చెప్పండి. కాఫీ సంగతి తర్వాత, ముందు అది ఉందో లేదో ఫోన్‌లో అడగండి.

ప్రశ్న: కరెంటు లేకపోతే ఆర్‌ఓ పని చేయదు, మోటార్ ఎక్కదు. సంప్‌లోకి వాన నీళ్లు వస్తే ఆ నీళ్లు కాచి కాఫీకి వాడొచ్చా? కింది ఫ్లోర్లో వంటగదిలోకి నీళ్లొస్తే గ్యాస్ బండ ఏం చేయాలి? (తాంబరం)

జవాబు: ట్యాంకులో ముందే పట్టిన మంచి నీళ్లు అయితే వడగట్టి, బాగా తెర్లాక ఒక నిమిషం పాటు మరగనిచ్చి వాడుకోవచ్చు. వరద నీళ్లు కలిసిన సంప్ నీళ్లను మాత్రం వంటకూ కాఫీకీ ముట్టుకోకండి. కాచితే క్రిములు పోతాయి కానీ డ్రైనేజీలోంచి, రోడ్డు మీది నూనెల్లోంచి కలిసిన రసాయనాలు పోవు. హెచ్చరిక రాగానే 20 లీటర్ల కేన్లు రెండు అదనంగా వేయించుకోండి, మోటార్ వేసి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపేయండి, బిందెలు, బకెట్లు కూడా నింపి మూతపెట్టండి. నీళ్లు తగ్గాక సంప్ కడిగించి బ్లీచింగ్ చేయించేదాకా కేన్ నీళ్లతోనే నడపాలి.

గ్యాస్ విషయానికొస్తే, నీళ్లు గడప దాకా రాగానే రెగ్యులేటర్ ఆపి, తీసేసి, బండకు మూత బిగించి ఎత్తుగా పెట్టండి, ఖాళీ బండ నీళ్లలో తేలి కొట్టుకుపోతుంది కాబట్టి తాడుతో కట్టేయండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, ఏ స్విచ్చీ వేయొద్దు, తలుపులన్నీ తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి, దేశమంతటికీ అదే నంబరు. రెగ్యులేటరో ట్యూబో నీళ్లలో మునిగి ఉంటే మాత్రం మెకానిక్ వచ్చి చూసేదాకా స్టవ్ వెలిగించకండి.