సంప్ పంపు తిరుగుతోంది, నీళ్లు తగ్గట్లేదు: సమాధానం

అమెరికాలోని నేపర్‌విల్‌లో మంచు కరుగుతుంటే, మీ ఇంటి బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లను బయటికి తోడే సంప్ పంపు ఆగకుండా తిరుగుతున్నా గుంట ఖాళీ అవట్లేదన్నారు కదండీ. మోటారు మార్చే తొందర వద్దు. ముందు ప్లగ్ తీసేయండి, లేకపోతే వేడెక్కి నిజంగానే కాలిపోతుంది. బయట పైపు మూతి చూడండి; ఈ చలిలో అక్కడ ఐసు గడ్డకట్టడమే మామూలు. గోరువెచ్చని నీళ్లతో కరిగించండి. అక్కడేం లేకపోతే పంపులో గాలి పట్టి ఉండొచ్చు: ఆ గాలి పోయేలా పంపుకీ చెక్ వాల్వుకీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) మధ్య పైపుకి 3/16 అంగుళాల రంధ్రం వేయండి. డ్రిల్లు ఏటవాలుగా పట్టుకోండి, చిమ్మే నీళ్లు గుంటలోకే పడాలి. వాల్వు మీది బాణం పైకి ఉండాలి (తిరగేసి బిగించేవాళ్లూ ఉంటారు!). తర్వాత ప్లగ్ పెట్టి, గుంటలో 5 గ్యాలన్ల బకెట్ నీళ్లు గుమ్మరించి చూడండి. అప్పటికీ లాగకపోతే మళ్లీ ప్లగ్ తీసి, పంపు అడుగు జల్లెడలో గులకరాళ్లు తీయండి. నీళ్లు బయటికి వదిలే గొట్టాన్ని లాండ్రీ సింకులోకి మాత్రం పెట్టకండి, చాలా ఊళ్లలో నిషిద్ధం.