వేయిస్తంభాల గుడిలో నరాలు పెట్టకు, బిడ్డా

బిడ్డా,

మెదడు నుంచి నేరుగా వచ్చే 12 క్రేనియల్ నరాల పేర్లు రాత్రి బట్టీపట్టి పొద్దున్నే మర్చిపోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుర్తుండటానికి మా వాడి వీఆర్ హెడ్‌సెట్, అదే కళ్లకు తగిలించుకుంటే కంప్యూటర్ లోకంలో ఉన్నట్టు చూపించేది, నీకు ఇప్పించమని కూడా అడిగింది. ఇస్తా. కానీ ముందు కళ్లు మూసుకొని హన్మకొండలో అమ్మమ్మ వాళ్ల గల్లీలో మనసులోనే ఒకసారి నడువు. తెలిసిన దారిలో ఒక్కో చోట ఒక్కో పిచ్చి బొమ్మ ఊహించి పెట్టుకుంటే, మళ్లీ ఆ దారిన నడిచినప్పుడు పేర్లు వరుసగా గుర్తొస్తాయి.

గేటు తీయగానే ఎండుమిర్చి పోపు ఘాటుకు ముక్కు అదిరిపోయింది, అది ఆల్ఫాక్టరీ, వాసన నరం. కిరాణా షాపులో సేటు పప్పుకు బదులు కళ్లు తూకం వేస్తున్నాడు, ఆప్టిక్, చూపు నరం. ఆటో అడ్డాలో ఒక ఆటోకు లైట్లు లేవు, వాటి చోట రెండు కనుగుడ్లు పైకీ కిందికీ తిరుగుతున్నాయి, ఆక్యులోమోటర్, కనుగుడ్లను కదిపే నరం. పాత బావి గిలక కిర్రుమంటోంది, అది ట్రోక్లియర్, ఆ లాటిన్ మాటకు అర్థమే గిలక. మిర్చీబండి దగ్గర మీ మామ, అంటే నేనే, మూడు మిర్చీలు ఒకేసారి నమిలి మొహమంతా మండి చిందులేస్తున్నా. ట్రైజెమినల్ అన్నమాట, మూడు కొమ్మలు, మొహం మీది స్పర్శ, నమలడం అన్నీ అందులోనే వచ్చేశాయి. మిగతా ఏడు నువ్వే పెట్టుకో, ఎంత పిచ్చిగా ఉంటే అంత మంచిది, నేను కట్టిన బొమ్మలు నీకు అంతగా అంటవు.

నేను మొదట్లో తెలివికి పోయి వేయిస్తంభాల గుడిని ఎంచుకున్నా, అన్ని స్తంభాలుంటే ఎన్నైనా పెట్టొచ్చు కదా అని. ఏ స్తంభం దగ్గర ఏది పెట్టానో ఒక్కటీ గుర్తులేదు, అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి! తర్వాత చూస్తే, సుమారు 2,000 ఏళ్ల కిందటి లాటిన్ పుస్తకం రెటోరికా అడ్ హెరెన్నియమ్‌లోనే ఉంది, స్తంభాల మధ్య చోట్లు మరీ ఎక్కువ వాడితే పోలికల వల్ల తికమక అవుతుందని.

ఇక హెడ్‌సెట్. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు 40 మందితో పరీక్షించారు, ఏ ముఖం ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం మామూలు కంప్యూటర్ తెర కంటే హెడ్‌సెట్‌తో 8.8 శాతం మెరుగ్గా ఉంది. మంచిదే, కానీ దాని కోసమే కొనాలా అంటే నేను వద్దంటా. నువ్వు కాళ్లతో పోలేని చోటికి వాడు, పుర్రె లోపల నిలబడి ఏ నరం ఏ రంధ్రంలోంచి బయటికి పోతోందో చూడు. కూర్చొనే వాడు, పది నిమిషాలకు తీసెయ్. నేను నిలబడి అరగంట తిరిగి దివాన్ మీద కూలబడ్డా, మీ అత్త ఇప్పటికీ నవ్వుతుంది.

రేపు పొద్దున పళ్లు తోముకుంటూ మిర్చీబండి నుంచి గేటు దాకా వెనక్కి నడువు, మళ్లీ మూడో రోజు, మళ్లీ వారానికి. గిలక దగ్గర ఆగిపోతే ఆ బొమ్మ మార్చెయ్.