బోర్నియో దీవిలో ఒరాంగుటాన్ (ఎర్రజుట్టు పెద్ద వానరం) పిల్లల్ని ఎత్తుకోనిస్తారా? వాలంటీరుగా చేరితే కుదురుతుందా?

కుదరదు. ఎత్తుకోనిచ్చే చోటు ఎక్కడైనా కనబడితే అక్కడ టికెట్ కొనకండి. ఫోటో కోసం పిల్లని చేతికిచ్చేవాళ్ళు చేసేది వ్యాపారం, సంరక్షణ కాదు. ఈ విషయంలో ఎవరు వాదించినా నేను తగ్గను.

కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మా అక్కావాళ్ళతో కలిసి బోర్నియోలో మలేషియాకి చెందిన సబా రాష్ట్రంలో సండకాన్ దగ్గరున్న సెపిలోక్‌కి వెళ్ళాను. 1964 నుంచి నడుస్తున్న ఒరాంగుటాన్ల సంరక్షణ కేంద్రం అది. తల్లిని పోగొట్టుకున్న పిల్లల్నీ, ఎవరో ఇళ్ళల్లో దొంగతనంగా పెంచుకుంటుంటే పట్టుకొచ్చినవాటినీ సాకి మళ్ళీ అడవిలోకి వదులుతారు. పొద్దున పదింటికి చెట్ల మధ్య అరుగు మీద తిండి పెట్టారు. వచ్చినవన్నీ మామూలు కోతులే! "దీనికోసం విమానమెక్కాలా, శ్రీశైలం ఘాట్‌లో కారాపితే సరిపోయేదిగా" అని మా బావ ఒకటే సణుగుడు. అక్కడి మనిషి మాత్రం నవ్వుతూ, అడవిలో పళ్ళు బాగా కాస్తే ఇటు రావండీ, అవి రాకపోతేనే మాకు సంతోషం అన్నాడు. రోజూ అదే చప్పిడి తిండి పెట్టేది కూడా కావాలనేనట, మొహం మొత్తి సొంతంగా వెతుక్కుంటాయని. మనవాళ్ళకేమో ప్రేమంటే తినిపించడమే. ఘాట్ రోడ్డు మీద కోతులకి చిప్స్ పడేసి వాటిని దొంగల్ని చేసింది మనమే.

పిల్లల్ని సాకే నర్సరీని అద్దం వెనక నుంచే చూడాలి. జుట్టు నిక్కబొడుచుకున్న ఓ పిల్ల తాడు దిగి వచ్చి, మాస్కు పెట్టుకున్న ఆయన ప్యాంటుని కాలివేళ్ళతో పట్టేసింది. ఆయన దాని మొహం వైపైనా చూడకుండా ఒక్కో వేలూ విడదీసి మళ్ళీ తాడెక్కించాడు. అది దిగింది. ఆయన ఎక్కించాడు. పక్కన జనం "అయ్యో పాపం" అంటున్నారు. పాపం ఎందుకు? అడవిలోనైతే ఆరేడేళ్ళు తల్లిని అంటిపెట్టుకుని ఏ పండు తినాలో, రాత్రికి కొమ్మలు వంచి గూడెలా కట్టుకోవాలో నేర్చుకుంటుంది. తల్లి లేదు కాబట్టి ఆ చాకిరీ వీళ్ళది. మనిషికి అలవాటు పడిందంటే చెట్టెక్కడం మానేస్తుంది. పైగా మన జలుబు దానికి అంటుకుంటుంది, అందుకే ఆ మాస్కు. వాలంటీర్లకైనా ఎక్కువగా దొరికేది బోనులు కడగడం, పళ్ళు కోయడం లాంటి పనే. అది కూడా మనమే ఎదురు డబ్బు కట్టి.

ఇంకో సంగతి. సండకాన్ నుంచి కినబటాంగన్ నది ఒడ్డునున్న సుకావు ఊరికి వెళ్ళే దారంతా పామాయిల్ తోటలే. అశ్వారావుపేట వాళ్ళు చూస్తే సొంతూరే అనుకుంటారు. ఒకప్పుడు అదంతా ఒరాంగుటాన్ల అడవి. పామాయిల్ ఎక్కువగా కొనే దేశాల్లో మనది ముందుంటుంది. ఆ నూనెలో వేగిన మిర్చి బజ్జీ తింటూ మలేషియా వాళ్ళని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నిజంగా చూడాలనుంటే సుకావులో ఓ రాత్రి ఉండి, కినబటాంగన్ నది మీద సాయంత్రం పడవెక్కండి. పెద్ద ముక్కు కోతులు, హార్న్‌బిల్ పక్షులు ఎలాగూ కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే అడవి ఒరాంగుటాన్ కూడా. జలగలకి మోకాళ్ళ దాకా వచ్చే సాక్సులు కొనుక్కోండి. మా అత్తయ్య ఇచ్చిన ఉప్పు పొట్లం ఆ తేమకి గంటలో నీరైపోయింది.